రోటాలో తొమ్మిది పేర్లు

ఫిబ్రవరి 10, సోమవారం

సమ్మె ఖాయమైంది. యూనియన్ నడిపే మోరా టీ రూములో కుర్చీ ఎక్కినంత పని చేసి చెప్పింది. సమ్మెకి ముప్పై ఎనిమిది ఓట్లు, వద్దని మూడు. ఇరవై ఏడో తారీఖు గురువారం, ఒక్కరోజు.

ఇక్కడ పనిచేసే మన తెలుగు పిల్లలు తొమ్మిదిమందికీ ఓటు లేదు. వీసా మీద వచ్చి ఏడాది దాటనివాళ్ళు, యూనియన్‌లో చేరమంటే గోడ వైపు చూస్తారు. నాకూ ఓటు లేదు. నేను ఆఫీసుదాన్ని.

ఆఫీసంటే ఏముంది, మెట్ల కింద గది. నేను, ప్రింటరు, ఎవరి డ్యూటీ ఎప్పుడో రాసే రోటా బోర్డు. ఈ కేర్ హోమ్‌లో ఉన్న డెబ్బైమంది పెద్దవాళ్ళని ఎవరు లేపాలి, ఎవరు కడగాలి, ఎవరు తినిపించాలి అన్నది నేను రాసే కాగితాన్ని బట్టే నడుస్తుంది. మీ అమ్మ ఏం చేస్తుందని స్కూల్లో అడిగితే మా అమ్మాయి అక్షర "షి డజ్ ద రోటా" అంటుందట. పోనీలే, అదైనా చెబుతోంది.

సమ్మె దేని గురించో నాకెవరూ చెప్పక్కర్లేదు. జనవరి నుంచి ఫ్లోర్‌కి నలుగురి బదులు ముగ్గురినే వేస్తున్నారు. వేస్తున్నారు అని రాశాను. వేస్తున్నది నేనే. మేనేజరు గ్రేహమ్ చెప్పాడు, నేను రాశాను. నేను కాకపోతే ఇంకొకరు రాసేవారు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

మోరా లంచ్ టైములో నా గదిలోకొచ్చి తలుపు వేసింది. అరవై ఒక్క ఏళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి, ఇంకా ఫ్లోర్ మీదే పనిచేస్తుంది. యూనియన్ బ్రాంచి సెక్రటరీ కూడా తనే. చేతిలో ఒక కాగితం. నా పేరు తన నోట్లో ఎప్పుడూ ప్రాబానే.

"ప్రాబా, దీన్ని నీ పిల్లలకి మీ భాషలో చెప్పు. నేను చెబితే తల ఊపుతారు. నువ్వు చెబితే నమ్ముతారు."

చదివాను. చట్టప్రకారం జరిగే సమ్మెలో నిలబడినంత మాత్రాన వీసాకి ముప్పు రాదు. యూనియన్‌లో లేనివాళ్ళు కూడా ఆ రోజు పనికి రాకుండా ఉండొచ్చు. అంతే, రెండు ముక్కలు.

మోరా పోతుందనుకుంటే ప్రింటరు పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. వాళ్ళ అమ్మమ్మ పద్నాలుగేళ్ళ పిల్లగా ఈ ఊరి నార మిల్లులో పనిచేసేదట. పంతొమ్మిది వందల పదకొండులో మిల్లు వాళ్ళు కొత్త రూల్సు పెట్టారట. పనిచేస్తూ పాడకూడదు, నవ్వకూడదు, జుట్టు సవరించుకోకూడదు. ఆడపిల్లలందరూ బయటికి నడిచారు.

"గెలిచారా?" అన్నాను.

"లేదు. తిండికి కరువొచ్చి తిరిగి పనిలోకి పోయారు. కానీ అందరూ ఒక్కసారే, పాడుకుంటూ పోయారు. పాడినందుకు ఒక్కదాన్ని ఇంటికి పంపితే అందరం వెళ్ళిపోవాలని ముందే అనుకున్నారు. ఎవర్నని పంపుతారు?"

అంతకు నాలుగేళ్ళ ముందు రేవులో జరిగిన సమ్మె గురించి కూడా చెప్పింది. అప్పుడు సమ్మెలో ఉన్నవాళ్ళ పని చెయ్యడానికి బయట ఊళ్ళ నుంచి ఓడల్లో మనుషుల్ని దింపారట. అలా దిగినవాళ్ళలో ఒకడు మోరా వాళ్ళ వీధిలోనే స్థిరపడ్డాడు. ఆ ఇంటివాళ్ళని ఇప్పటికీ 'ఓడవాళ్ళు' అంటారట. నూట పద్దెనిమిదేళ్ళయింది! వాళ్ళ మునిమనవడు డెంటిస్టు.

లేచేటప్పుడు అంది, "ఈ ఊళ్ళో కాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ, ఆ వైపువాళ్ళూ ఈ వైపువాళ్ళూ, ఒకే గదిలో కూర్చునే చోట్లు తక్కువ. యూనియన్ మీటింగు ఒకటి. ఇకమీదట మీవాళ్ళు కూడా వచ్చి కూర్చోకపోతే నా తర్వాత ఈ బ్రాంచి ఉండదు."

తప్పకుండా చెబుతానన్నాను. ఆరేళ్ళ కిందట నేనూ ఫ్లోర్ మీదే ఉండేదాన్ని. ఒకావిడని లేపబోయి నడుం పట్టేస్తే, పాత మేనేజరు నన్ను పంపించేయాలని చూశాడు. ఆ గదిలోకి వచ్చి నా పక్కన కూర్చున్నది మోరా. తను మాట్లాడాకే నాకు ఆఫీసు పని ఇచ్చారు. ఆఫీసులోకి వచ్చిన రెండో నెలలో నేను యూనియన్ మానేశాను. ఎందుకు మానేశావని మోరా ఇంతవరకు అడగలేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

కావ్యశ్రీ వాళ్ళింట్లో మధ్యాహ్నం భోజనం. నాలుగు గదుల ఇంట్లో ఐదుగురు అమ్మాయిలు. నలుగురు మగపిల్లలు కూడా వచ్చారు. తొమ్మిదిమందీ ఒకచోటే ఉన్నారు, చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం ఉండదు.

కావ్యశ్రీ పచ్చిపులుసు, మటన్ చేసింది. సిద్దిపేట పిల్ల, ఇరవై ఆరేళ్ళు, వడ్డించేటప్పుడు వద్దన్నా వినదు. "తినక్కా, మా అందరికి నువ్వే కదా ఈడ పెద్దదిక్కు," అంది. ఈ ఉద్యోగానికి తనని సిఫారసు చేసింది నేనే. ఆ కృతజ్ఞత పిల్లకి ఎక్కువ.

సమ్మె మాట వచ్చింది. "జాగ్రత్తగా ఉండండి" అన్నాను.

కాగితం గురించి చెప్పలేదు. తింటున్నారు కదా అని.

ఫిబ్రవరి 17, సోమవారం

కాగితం బ్యాగులోనే ఉంది. రేపు చెబుతాను.

ఫిబ్రవరి 20, గురువారం

గ్రేహమ్ కాఫీ తెచ్చి ఇచ్చాడు. ఆరేళ్ళలో మొదటిసారి.

ఇరవై ఏడున హోమ్ నడవాలంటే తొమ్మిదిమందీ రావాలట. మనవాళ్ళని నేనైతే తేలిగ్గా ఒప్పించగలనట. "వీసా గురించి నేనొక్క మాట అనను. నువ్వూ అనొద్దు. వాళ్ళంతట వాళ్ళు భయపడితే మనమేం చేస్తాం?" అన్నాడు, నవ్వుతూ.

తర్వాత వేరే విషయం. డిప్యూటీ మేనేజరు జేన్ ఏప్రిల్‌లో రిటైరవుతోంది. ఆ పోస్టుకి నా పేరు పైకి పంపాలనుకుంటున్నాడట. దానికీ దీనికీ సంబంధం లేదు. ఎలాగూ పంపేవాడే.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన క్రాంతి లాప్‌టాప్ మీంచి తలెత్తకుండానే, "మంచిదేగా. ఆ గొడవలో నువ్వు వేలు పెట్టకు," అన్నాడు. ఏ గొడవలోనో అడగలేదు.

ఫిబ్రవరి 25, మంగళవారం

తొమ్మిది ఫోన్లు. ఒక్కొక్కరితో ఒక్కోలా మాట్లాడాను.

నిశాంత్‌తో పెద్దవాళ్ళ సంగతి చెప్పాను. ఆ రోజు వాళ్ళకి అన్నం ఎవరు పెడతారు అన్నాను. "సరే అక్కా" అన్నాడు. ఫయాజ్‌ని ఒప్పించే పనే పడలేదు. "మీరంటే రాకుంట ఉంటనా ఆపా," అన్నాడు. మిగతావాళ్ళూ అంతే. అక్క అడిగిందని ఒప్పుకున్నారు.

కావ్యశ్రీ ఒక్కతే సూటిగా అడిగింది. "అక్కా, బయట నిలబడితే వీసా పోతదా?"

"ఎందుకమ్మా రిస్క్" అన్నాను.

"గట్లయితే వస్త."

నేను అబద్ధం చెప్పలేదు. పోతుందనలేదు. పోదని కూడా అనలేదు. రిస్క్ ఎందుకని అడిగాను, అంతే. నేను అబద్ధం చెప్పలేదు.

ఫిబ్రవరి 27, గురువారం

ఉదయం ఆరున్నరకి మినీబస్సులో వాళ్ళని లాండ్రీ గేటు నుంచి లోపలికి తెప్పించాడు గ్రేహమ్. నేనూ అదే బస్సులో వెళ్ళాను, వాళ్ళకి ధైర్యంగా ఉంటుందని.

ముందు గేటు దగ్గర సన్నగా వాన పడుతున్నా ముప్పైమంది దాకా ఉన్నారు. ఫ్లాస్కులు, గొడుగులు, ఒక పాత బ్యానరు. లాండ్రీ గేటు దగ్గర మోరా, వంటవాడు బాబీ, ఇంకో ఇద్దరు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. బస్సు మలుపు దగ్గర నెమ్మదించగానే మోరా కిటికీల వెంట నడుస్తూ ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరించింది. గుడ్ మార్నింగ్ కావ్యా. గుడ్ మార్నింగ్ నిశాంత్. గుడ్ మార్నింగ్ ఫయాజ్. తొమ్మిది పేర్లూ సరిగ్గా పలికింది. నేర్చుకుని వచ్చినట్టుంది. చివరికి, గుడ్ మార్నింగ్ ప్రాబా.

నాకు తల కొట్టేసినట్టయింది.

సాయంత్రం రెండో ఫ్లోర్‌లో ఏదో జరిగిందట. రేపు చూద్దాం.

ఫిబ్రవరి 28, శుక్రవారం

అక్షర టోస్ట్ తింటూ అడిగింది. తన క్లాసులో ఒక పిల్ల వాళ్ళమ్మ మా హోమ్‌లోనే పనిచేస్తుందట. "మమ్, ఆర్ యూ ఎ స్కాబ్?" సమ్మెని దెబ్బతీసేవాళ్ళని ఇక్కడ తిట్టే మాట అది.

"ఆ మాట ఎవరు నేర్పారే నీకు? నేను ఆఫీసు స్టాఫ్‌ని. నాకు సమ్మెతో సంబంధం లేదు."

"బట్ యూ ఫోన్డ్ దెమ్ ఆల్. ఐ హర్డ్ యూ."

పద్నాలుగేళ్ళ పిల్ల. తెలుగు రాదనుకుంటాం కానీ ఫోన్లో మాట్లాడిందంతా వింటుంది.

మార్చి 4, మంగళవారం

రెండో ఫ్లోర్ సంగతి. మిస్టర్ హన్నాకి ఎనభై ఎనిమిదేళ్ళు, కాళ్ళు రావు. మంచం మీంచి ఎత్తాలంటే హాయిస్టు మిషను వాడాలి, దాన్ని ఇద్దరు పట్టుకోవాలి. గురువారం సాయంత్రం ఐదు తర్వాత ఆ ఫ్లోర్‌లో కావ్యశ్రీ ఒక్కతే ఉంది. బాత్రూముకి తీసుకెళ్ళమని ఆయన గంట కొడుతూనే ఉన్నాడట, చివరికి ఏడ్చాడట. చూడలేక ఒక్కతే ఎత్తింది. పట్టీ జారింది. ఆయన మణికట్టు విరిగింది.

సమ్మె అయిపోయాక ఇవాళ టీ రూములో ఎవరూ కావ్యశ్రీతో మాట్లాడలేదు. తన కప్పు పట్టుకుని నా గదికొచ్చి నిలబడే తాగింది. "ఎవ్వలు ఏం అంటలేరక్కా. గదే బాధైతుంది," అంది.

మార్చి 6, గురువారం

కావ్యశ్రీకి ఉత్తరం ఇచ్చారు. హాయిస్టు ఒక్కతే వాడినందుకు పద్నాలుగున విచారణ. ఉద్యోగం పోతే వీసా నిలబెట్టే ఇంకో స్పాన్సరుని వెతుక్కోవడానికి అరవై రోజులు ఉంటాయి. దొరక్కపోతే విమానం ఎక్కాలి.

మధ్యాహ్నం గ్రేహమ్ తలుపు వేసి చెప్పాడు, ఇరవై ఏడో తారీఖు రోటా సరిచెయ్యమని. సాయంత్రం రెండో ఫ్లోర్‌కి జేన్ పేరు కూడా ఉండాలట. అసలు జేన్ ఆ టైముకి ఇంటికెళ్ళిపోయింది. పేరు ఉంటే ఏమవుతుందో నాకు తెలియదా? రెండో మనిషి ఉన్నా కావ్యశ్రీ పిలవలేదని అర్థం. తప్పు మొత్తం తనదే అవుతుంది.

టైపు చేశాను. ఇంగ్లిష్‌లో నాలుగక్షరాలు.

కంప్యూటర్‌లోనే కదా. ఇంకా ఎవరికీ పంపలేదు.

మార్చి 8, శనివారం

గ్రేహమ్ దాన్ని హెడ్డాఫీసుకి పంపేశాడు.

మార్చి 9, ఆదివారం

కావ్యశ్రీ ఫోన్ చేసింది. ఎవరో తనకి కొత్త రోటా చూపించారట. "అక్కా, ఆ దినం నేనొక్కదాన్నే ఉంటి. నీకు ఎరుకే కదా? నువ్వే రాస్తివి కదా?"

"చూసి చెబుతా తల్లీ," అన్నాను.

తల్లీ అని ఎందుకన్నానో.

మార్చి 12, బుధవారం

ఇవాళ జరిగింది ఉన్నదున్నట్టు రాస్తాను, ఎవరూ చదవరు కనుక.

నాకు వీసా భయం లేదు. మేం ఈ దేశపు పాస్‌పోర్టులు తీసుకుని మూడేళ్ళయింది. గ్రేహమ్ నన్ను ఎక్కడికీ పంపించలేడు. పిల్లల వీసాల గురించి భయపడ్డానని ఇన్ని రోజులూ నాకు నేను చెప్పుకున్నాను. వాళ్ళ గురించి భయం ఉంటే ఆ కాగితం చదివి వినిపించి ఉండేదాన్ని. నాకు జేన్ కుర్చీ కావాలి. మెట్ల కింద నుంచి మెట్ల పైకి వెళ్ళాలి. అంతే సంగతి. రాసేశాను.

ప్రతి రోజు రోటా ప్రింటు బోర్డు మీద పెడతాం. షిఫ్టు మారేటప్పుడు నర్సు దాని కింద సంతకం చేస్తుంది. ఆ ప్రింట్లు ఒక అట్టపెట్టెలో పడేస్తాను. కంప్యూటర్‌లో ఏం మార్చినా పెట్టెలోది మారదు. గ్రేహమ్‌కి ఆ పెట్టె సంగతి తెలియదు. ఇరవై ఏడోది తీశాను. రెండో ఫ్లోర్, సాయంత్రం, ఒకే ఒక్క పేరు. కింద నర్సు సంతకం.

బస్సెక్కి మోరా ఇంటికి వెళ్ళాను. వంటగదిలో కూర్చోబెట్టింది. ప్రింటు చూసి కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుంది.

"విచారణ రోజు ఇది నువ్వే తెచ్చావని చెప్తావా?"

"చెప్తాను."

"మంచిది. ఆ అమ్మాయి పక్కన నేను కూర్చుంటాను."

"తను సమ్మె రోజు లోపలికి వచ్చింది కదా మోరా. సభ్యురాలు కూడా కాదు."

"వచ్చింది. ఆ మాట తనతో తర్వాత మాట్లాడతాను. ముందు ఉద్యోగం ఉండాలి కదా." ప్రింటు మడిచి పక్కన పెట్టి అడిగింది. "నేనిచ్చిన కాగితం వాళ్ళకి చదివి వినిపించావా?"

 తల అడ్డంగా ఊపాను.

మోరా కోప్పడుతుందని చూశాను. టీ కప్పు తీసుకెళ్ళి సింకులో పెట్టి, నీళ్ళు వదిలి, అటు తిరిగే కప్పు కడిగింది. తర్వాత అంది, "అమ్మాయికి నువ్వే చెప్పాలి. నేను చెప్పను."

మార్చి 13, గురువారం

చెప్పాను. హోమ్ వెనక బస్ స్టాపు బెంచీ మీద. కాగితం చేతికిచ్చి తెలుగులో చదివి వినిపించాను. చదవడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

కావ్యశ్రీ కాగితం వైపే చూస్తూ అడిగింది. "ఎన్ని దినాల సంది ఉన్నది నీ తాన?"

"ఫిబ్రవరి పద్నాలుగు నుంచి."

వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. "అంటే ఐతారం మా ఇంట్ల తిన్ననాడు నీ బ్యాగుల ఉండె."

"ఉంది."

"నేను అడిగిన నాడు గూడ?"

"అప్పుడూ ఉంది. క్షమించమ్మా. నాకు పోస్టు ఇస్తానన్నాడు."

"అక్కా, నేను మంది ముంగట దొంగ లెక్క బస్సుల తల వంచుకొని కూసున్న. ఆమె నన్ను పేరు వెట్టి పిలిస్తే సచ్చిపోతే బాగుండు అనిపించింది. నువ్వు నా పక్కకే కూసున్నవ్ కదా. అప్పుడన్న చెప్తే దిగిపోతుంటి కదా."

బస్సు వచ్చింది. తను ఎక్కలేదు, నేనూ ఎక్కలేదు. తర్వాతి బస్సుకి తను ఎక్కింది. ఆ కాగితం తీసుకెళ్ళింది.

మార్చి 14, శుక్రవారం

విచారణ. హెడ్డాఫీసు నుంచి వచ్చినావిడ, గ్రేహమ్, కావ్యశ్రీ, పక్కన మోరా. నన్ను చివర్లో పిలిచారు. ప్రింటు బల్ల మీద పెట్టి, కంప్యూటర్‌లో పేరు చేర్చింది నేనేనని, ఎవరు చెబితే చేర్చానో కూడా చెప్పాను.  గ్రేహమ్ కిటికీలోంచి కార్ పార్కు చూస్తున్నాడు.

సాయంత్రానికి తేలింది. కావ్యశ్రీ ఉద్యోగం ఉంటుంది. నా మీద విచారణ ఉంటుంది.

కారిడార్‌లో మోరా కావ్యశ్రీని దగ్గరికి తీసుకుంది. నేను ఫైళ్ళు పట్టుకుని వాళ్ళ పక్కనుంచి నడిచి వెళ్ళాను.

మార్చి 19, బుధవారం

తొమ్మిదిమందీ యూనియన్‌లో చేరారట. బాబీ చెప్పాడు. నాకెవరూ చెప్పలేదు.

మార్చి 30, ఆదివారం

ఉగాది. పచ్చడి, పులిహోర, బొబ్బట్లు. నిరుడు తొమ్మిదిమందీ ఇక్కడే ఉన్నారు, ఫయాజ్ బొబ్బట్లు పార్సిల్ కూడా కట్టించుకున్నాడు. గ్రూపులో రమ్మని పెట్టాను. నిశాంత్ ఒక దండం బొమ్మ పెట్టాడు.

క్రాంతి ఇంత ఎందుకు చేశావన్నాడు. అలవాటు, అన్నాను.

ఏప్రిల్ 3, గురువారం

నాకు చివరి హెచ్చరిక ఉత్తరం ఇచ్చారు. ఉద్యోగం అయితే ఉంది. జేన్ పోస్టుకి బయటి నుంచి ఎవరో వస్తున్నారు. అయ్యో అనుకోవడానికి కూడా మొహం చెల్లలేదు.

ఇవాళ సాయంత్రం ఐదున్నరకి బ్రాంచి మీటింగు, కమ్యూనిటీ సెంటరు పైగదిలో. నేను మళ్ళీ సభ్యత్వానికి దరఖాస్తు పెట్టాను. ఇంకా సభ్యులు కానివాళ్ళు బయట కూర్చోవాలేమో అనుకుంటే, వెనక వరసలో కూర్చోమన్నారు. మాది చిన్న బ్రాంచి, ఇక్కడ కొత్త సభ్యుల్ని మీటింగులో ఒకరు ప్రతిపాదించాలి, ఒకరు బలపరచాలి. ఈ పద్ధతి ఎప్పటి నుంచో ఉందట. అధ్యక్షుడు బాబీ. తనది ఊరికి ఆ వైపు, మోరాది ఈ వైపు. ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకే బిస్కెట్ల డబ్బాలోంచి తింటున్నారు. మనవాళ్ళు తొమ్మిదిమందీ రెండో వరసలో ఉన్నారు.

మోరా నా దరఖాస్తు చదివింది. దానికింద నేను రాసింది కూడా చదివింది, ఒక్క మాట వదలకుండా. కాగితం దాచాను. ఫోన్లు చేశాను. బస్సులో వచ్చాను. రోటా మార్చాను. నా మాటలు మోరా గొంతులో వింటుంటే ఇంకెవరో చేసిన పనుల్లా అనిపించాయి. కాదు, నేనే చేశాను.

"ప్రతిపాదించేవాళ్ళు?" అన్నాడు బాబీ.

ఒక్క చెయ్యీ లేవలేదు. ఒక కుర్చీ కిర్రుమంది. కావ్యశ్రీ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. నేను తన వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. మోరా పెన్ను మూత పెట్టుకుంది.

"వచ్చే నెల మళ్ళీ చదువుదాం," అన్నాడు బాబీ. కాదని అనలేదు. ఔననీ అనలేదు.

తర్వాతి అంశం, వీసా మీద వచ్చినవాళ్ళ తరఫున ఒక ప్రతినిధి. ఈ బ్రాంచిలో ఇంతవరకు అలాంటి పదవి లేదు. మోరా కావ్యశ్రీ పేరు చెప్పింది, ఫయాజ్ బలపరిచాడు. కావ్యశ్రీ లేచి నిలబడి వచ్చీరాని ఇంగ్లిష్‌లో, "మే నెలలో మళ్ళీ సమ్మె ఉంటే మేము తొమ్మిదిమందిమీ ముందు గేటు దగ్గర ఉంటాము," అని కూర్చుంది. ఎవరో చప్పట్లు కొట్టారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గర్వంగా అనిపించింది, గర్వపడే హక్కు నాకు ఎక్కడిదో ఆలోచించలేదు.

"అనుకూలమైనవాళ్ళు చేతులెత్తండి," అన్నాడు బాబీ.

అన్ని వరసల్లోనూ చేతులు లేచాయి. బాబీ వేలితో లెక్కపెట్టుకుంటూ ముందు నుంచి వెనక్కి వచ్చి నా దగ్గర ఆగాడు. అప్పుడు చూసుకున్నాను, నా చెయ్యి కూడా పైనే ఉంది. ఎప్పుడు ఎత్తానో తెలియదు.

"సభ్యులు మాత్రమే, ప్రాబా," అన్నాడు మెల్లగా.

దించాను. నలభై మూడు, అని రాసుకున్నాడు.

మీటింగు అయ్యేదాకా కూర్చున్నాను. ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.